గెలిచామని ముందే అన్నందుకు ఓడిపోయామా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. తొమ్మిదేళ్లుగా సిడ్నీ పడమటి శివారు వెంట్‌వర్త్‌విల్‌లో ఉంటున్నాము. వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకాయన తనకు మిగిలిన టికెట్టు నా చేతిలో పెట్టడంతో ఇక్కడివాళ్లు ఫుటీ అని పిలుచుకునే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ పరిచయమైంది. అప్పటి నుంచి గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ జెయింట్స్‌కు అభిమానిని. ఎనిమిదేళ్ల మా అబ్బాయి ఆస్‌కిక్ అనే పిల్లల శిక్షణకు వెళ్లడం మొదలుపెట్టాక నన్ను మించిపోయాడు. మొన్న 2024 సెప్టెంబరు 14 రాత్రి బ్రిస్బేన్ లయన్స్‌తో సెమీఫైనల్‌కు వాణ్ణి ఒలింపిక్ పార్క్‌లోని షోగ్రౌండ్‌కు తీసుకువెళ్లాను. ఒక దశలో 44 పాయింట్లు ముందున్నాము. 'గెలిచేశాం నాన్నా, ఇక మనదే' అని వాడికి నారింజ రంగు స్కార్ఫు కూడా కొనిచ్చాను. చివరికి 5 పాయింట్ల తేడాతో ఓడిపోయాము. ఆఖరి నిమిషాల్లో బంతి వదిలేశాడన్న కోపంతో మా డిఫెండర్ ఒకతన్ని తెలుగులో నోటికొచ్చినట్టు తిట్టాను. చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాలేదు గానీ మావాడికి అర్థమైంది. లిడ్‌కంబ్‌లో రైలు మారుతుంటే, 'నువ్వు ముందే గెలిచామన్నావు కాబట్టే ఓడిపోయాం' అన్నాడు. ఫోనులో ఈ సంగతి విని మా అమ్మ కూడా 'అలా అనకూడదురా, దిష్టి తగులుతుంది' అంది. అప్పటి నుంచి వాడు ఆ స్కార్ఫు ముట్టడం లేదు, సిడ్నీలోనే ఉన్న ఇంకో జట్టు స్వాన్స్‌కు మారిపోదాం అంటున్నాడు. 2019లో కప్పు తేల్చే ఆఖరి ఆట, అంటే గ్రాండ్ ఫైనల్‌లో 89 పాయింట్ల తేడాతో ఓడినప్పుడు మర్నాటికి మరిచిపోయాను. ఈ 5 పాయింట్లు నెలన్నర దాటినా నిద్రపోనివ్వడం లేదు. మా ఆవిడ 'మన ఊరి ఆటా, మనవాళ్లు ఆడే ఆటా' అని నవ్వుతోంది. జట్టు సభ్యత్వం మానుకోమంటారా? మావాడికి ఏం చెప్పమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో ప్రశ్నలు నాలుగైదు ఉన్నాయి గానీ, వాటన్నిటి వేళ్లూ లిడ్‌కంబ్ ప్లాట్‌ఫారం మీద మీ అబ్బాయి అన్న మాటలోనే ఉన్నాయి కాబట్టి అక్కడే మొదలుపెడతాను. మన ఇళ్లలో తథాస్తు దేవతల సంగతి వినకుండా పెరిగిన పిల్లలు అరుదు. చెడు మాట నోట రానివ్వకూడదని, వస్తే వాళ్లు పైనుంచి తథాస్తు అంటారని అమ్మమ్మలు, నాయనమ్మలు హెచ్చరిస్తూనే ఉంటారు. ఆ లెక్కన చూసినా మీరు 'గెలిచేశాం' అన్నందుకు వాళ్లు తథాస్తు అని ఉంటే జెయింట్స్ గెలిచి తీరవలసింది. మీ అమ్మగారు చెప్పిన దిష్టిది వేరే శాఖ. దానికీ ఒక చిక్కు ఉంది. ఆ రాత్రి నారింజ రంగు చొక్కాలు వేసుకుని కూర్చున్న వేలమందిలో, 44 పాయింట్ల ఆధిక్యం చూశాక గెలిచామని మనసులోనైనా అనుకోనివారు ఎందరుంటారు? వారందరి చూపూ పోగై జట్టుకు తగిలిందనుకుంటే, ప్రతి వారం, ప్రతి మైదానంలో, ముందున్న ప్రతి జట్టుకూ అది తగలాలి కదా. నేను పెద్దావిడను ఎగతాళి చేయడం లేదు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి 'అలాంటివేమీ లేవు పో' అన్న కసురు కన్నా ఈ విధంగా లెక్క కట్టి చూపించడం బాగా పట్టుబడుతుందని చెబుతున్నాను.

అయితే మీ మాట వల్ల జట్టు ఓడిపోలేదు గానీ, మీ మాట మాత్రం తప్పయింది. ఈ రెండూ వేరువేరు సంగతులని వాడికి విడమరిచి చెప్పవలసింది మీరే. 'నేను తొందరపడి అన్నాను, అప్పటికి ఆట అయిపోలేదు, నా అంచనా తప్పింది' అని ఒక్క వాక్యంలో ఒప్పుకుంటే సరిపోతుంది. తండ్రి అంచనా తప్పవచ్చునని తెలియడం వల్ల పిల్లవాడికి నష్టమేమీ లేదు. నాన్న మాటకు ఆటల ఫలితాలను తలకిందులు చేసే శక్తి ఉందని నమ్మితేనే కష్టం, ఎందుకంటే రేపు ఇంకేదైనా చెడు జరిగినప్పుడు వాడు తన మాటల్లో తప్పు వెతుక్కోవడం మొదలుపెడతాడు.

ఇక 89 పాయింట్లు మరిచిపోయి 5 పాయింట్లు మరవలేకపోవడం గురించి. 2019 సెప్టెంబరు 28న రిచ్‌మండ్ 114 పాయింట్లు సాధిస్తే జెయింట్స్ 25 దగ్గర ఆగిపోయింది. ఆ ఆటలో మీరు ఏ తన్నును మార్చి ఊహించుకున్నా ఫలితం మారదు. మార్చడానికి చోటు లేదు కాబట్టి మనసు ఆ పనికే పూనుకోదు, అన్నం తిని పడుకుంటుంది. 5 పాయింట్ల ఓటమి అలా కాదు, ముద్ద నోటిదాకా వచ్చి జారిపోయిన బాపతు. అక్కడ ఒక్క గోల్ పడి ఉంటే, ఇక్కడ ఒక్క పట్టు దొరికి ఉంటే, అంపైర్ ఒక్క విజిల్ ఊది ఉంటే అని రాత్రంతా తలుపు తరవాత తలుపు తట్టుకుంటూ తిరుగుతాం. అన్ని తలుపుల్లోనూ ఆఖరి నిమిషంలో ఉన్నదే మనకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అక్కడ నిలబడి ఉన్న మనిషి ముఖం మనకు స్పష్టంగా గుర్తుంటుంది. మీ విషయంలో ఆ మనిషి పాపం ఆ డిఫెండర్.

దీని గురించి నాకు సొంత అనుభవం ఉంది కాబట్టి కొంచెం పక్కదారి పడతాను. 1987 అక్టోబరు 9న అప్పటి మద్రాసు నగరంలోని చేపాక్ మైదానంలో మనకూ ఆస్ట్రేలియాకూ ప్రపంచ కప్ ఆట జరిగింది. మేము అప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో ఉండేవాళ్లం. డీన్ జోన్స్ కొట్టిన ఒక బంతిని మైదానంలో ఫోర్‌గా లెక్కవేసి, ఇన్నింగ్స్ ముగిశాక అది సిక్సర్ అని సవరించడంతో ఆస్ట్రేలియా స్కోరు 268 నుంచి 270 అయింది. మనవాళ్లు ఇంకొక్క బంతి మిగిలి ఉండగా 269 దగ్గర ఆఖరి వికెట్ పోగొట్టుకున్నారు. ఒకే ఒక్క పరుగు తేడా. మా బాబాయి ఆ రాత్రి పెన్సిలు తీసుకుని గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడి నిండా '2' అని పెద్ద అంకె వేసి చుట్టూ గీత గీశాడు. ఆ గడిలో రాసుకున్న పాల లెక్క దాని కింద కనపడకుండా పోయి, నెలాఖరున పాలవాడితో పిన్నికి చిన్న తగాదా కూడా అయింది. మా ఇంట్లో ఏళ్ల తరబడి ఆ ఓటమి అంటే ఆ రెండు పరుగులే. చాలాకాలం తరువాత నేను స్కోరు కార్డు తీసి చూస్తే, 271 లక్ష్యంతో ఆడుతున్న మన జట్టు ఒక దశలో 2 వికెట్లకు 207 పరుగులతో ఉందని, అక్కడి నుంచి మిగిలిన ఎనిమిది వికెట్లూ 62 పరుగులకే రాలిపోయాయని కనబడింది. ఆ ఎనిమిది వికెట్ల గురించి మా బాబాయి ఒక్క మాటైనా అనగా నేను వినలేదు. రెండు పరుగుల మీద కోపం పెట్టుకోవడం సులువు, ఎనిమిది వికెట్ల మీద పెట్టుకోవడం కష్టం.

మీ 44 పాయింట్ల ఆధిక్యం అచ్చంగా ఆ 207 పరుగుల వంటిదే. అంత ముందున్న జట్టు 5 పాయింట్లతో ఓడిందంటే మధ్యలో 49 పాయింట్లు చేతులు మారాయి. బ్రిస్బేన్ ఆటగాడు జో డానిహర్ చివర్లో కొట్టిన గోల్‌తోనో, మీ డిఫెండర్ వదిలేసిన ఒక్క బంతితోనో 49 పాయింట్లు మారవు. ఈ మాట ఊరికే ఓదార్పు కోసం చెప్పడం లేదు, స్కోరు దగ్గరే దీనికి రుజువుంది. తుది స్కోరును ఆ ఆట పద్ధతిలో ఒక కాగితం మీద రాసి చూడండి. బ్రిస్బేన్ 15.15, మొత్తం 105. జెయింట్స్ 15.10, మొత్తం 100.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. మైదానానికి రెండు కొసల్లో నాలుగేసి స్తంభాలుంటాయి. నడుమ ఉన్న రెండు ఎత్తైన స్తంభాల మధ్య నుంచి తన్నిన బంతి ఎవరికీ, దేనికీ తగలకుండా వెళితే అది గోల్, దానికి 6 పాయింట్లు. పక్కనున్న పొట్టి స్తంభానికీ ఎత్తైన స్తంభానికీ నడుమ నుంచి వెళ్లినా, ఎత్తైన స్తంభానికి తగిలినా, దారిలో ఎవరి చేయి తగిలినా అది బిహైండ్, దానికి 1 పాయింటు. పక్కపక్కనే చుక్కతో విడదీసి రాసే అంకెల్లో మొదటిది గోల్స్ సంఖ్య, రెండోది బిహైండ్ల సంఖ్య. గురి తప్పినా ఎంతో కొంత దక్కే ఆటలు లోకంలో ఎక్కువ లేవు. ఫుటీని నేను ఇష్టపడేదే ఆ ఒక్క విచిత్రం వల్ల.

ఇప్పుడు ఆ రెండు స్కోర్లూ మళ్లీ చూడండి. రెండు జట్లూ సరిగ్గా పదిహేనేసి గోల్స్ కొట్టాయి. తేడా అంతా బిహైండ్లలో ఉంది, వారికి పదిహేను, మనకు పది. అంటే మీ జట్టును ఓడించినవి బ్రిస్బేన్ కొట్టిన గోల్స్ కావు, కొట్టలేకపోయినవి. వినడానికి ఇది తిరకాసులా ఉంటుంది గానీ దాని భావం సూటిగానే ఉంది. గురి తప్పాలన్నా ముందు బంతి అక్కడిదాకా చేరాలి. వారి బంతి ముప్పై సార్లు స్తంభాల మధ్యకు చేరింది, మన బంతి ఇరవై అయిదు సార్లు. బిహైండ్లన్నీ గురి తప్పిన తన్నులు కావన్నది నిజమే. గోల్ పడేకన్నా ఒక్క పాయింటు పోతేనేమని డిఫెండర్లే బంతిని గీత దాటించేసేవి కూడా అందులో ఉంటాయి. అయినా అదీ ఒత్తిడికి గుర్తే తప్ప ఇంకొకటి కాదు. మొదటి క్వార్టర్‌లో, జనం వేడివేడి చిప్స్ పొట్లాలు పట్టుకుని సీట్లు వెతుక్కుంటున్న సమయంలో పడిన బిహైండుకూ, సైరన్ మోగబోయే ముందు పడిన బిహైండుకూ స్కోరు బోర్డు మీద ఒకే విలువ. ఆ మొదటిది మీకు గుర్తుందా? ఉండదు. అప్పుడు మీరు ఎవరినీ తిట్టలేదు కాబట్టి.

అంతకు ముందటి ఏడాది సంగతి మీరు ఉత్తరంలో రాయలేదు గానీ మరిచిపోయి ఉండరు. 2023లో, గ్రాండ్ ఫైనల్‌కు ముందు మెట్టయిన ప్రిలిమినరీ ఫైనల్‌లో, మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో కాలింగ్‌వుడ్ 8.10తో 58 సాధిస్తే, జెయింట్స్ 8.9తో 57 దగ్గర నిలిచిపోయింది. మళ్లీ గోల్స్ సమానం, ఈసారి తేడా ఒకే ఒక్క బిహైండ్. ఆ మరుసటి వారం గ్రాండ్ ఫైనల్‌లో ఇదే కాలింగ్‌వుడ్ 12.18తో 90 పాయింట్లు చేసి, 13.8తో 86 చేసిన బ్రిస్బేన్‌ను ఓడించింది. గమనించండి, ఆ రోజు ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టు బ్రిస్బేన్, కప్పు పట్టుకెళ్లిన జట్టు కాలింగ్‌వుడ్. మీరు ఇప్పుడు పడుతున్న బాధను 2023 సెప్టెంబరు 30 రాత్రి బ్రిస్బేన్‌లో ఎన్ని వేల ఇళ్లు పడి ఉంటాయో ఊహించండి. అదే జట్టు మిమ్మల్ని దాటుకుని వెళ్లి, మొన్న 2024 సెప్టెంబరు 28న సిడ్నీ స్వాన్స్ మీద 120కి 60తో కప్పు గెలిచింది.

ఇందులోంచి ఓటమి గెలుపుకు మెట్టన్న పాఠం మాత్రం లాగవద్దని నా మనవి. జెయింట్స్ 2016 ప్రిలిమినరీ ఫైనల్‌లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ చేతిలో 89కి 83తో, అంటే ఒక్క గోల్ తేడాతో ఓడింది. 2023లో ఒక్క పాయింటుతో ఓడింది. 2024 సెప్టెంబరులో మొదట స్వాన్స్ చేతిలో 6 పాయింట్లతో, మరుసటి వారం లయన్స్ చేతిలో 5 పాయింట్లతో ఓడింది. ఇన్ని మెట్లు ఎక్కినా కప్పు ఇంకా రాలేదు. వచ్చే ఏడాది తప్పకుండా వస్తుందని మీ అబ్బాయికి మాట ఇచ్చారంటే, 44 పాయింట్ల దగ్గర చేసిన పొరపాటే మళ్లీ చేసినవారవుతారు.

వాడికి ఇంకొక లెక్క చూపించవచ్చు, ఇది మీకూ పనికివస్తుంది. 2019లో గ్రాండ్ ఫైనల్‌దాకా జెయింట్స్ ఎలా వెళ్లిందో గుర్తు తెచ్చుకోండి. సెమీఫైనల్‌లో బ్రిస్బేన్‌ను వారి సొంత మైదానమైన గబ్బాలో 83కి 80తో, 3 పాయింట్ల తేడాతో ఓడించింది. ఆ తరువాతి వారం మెల్బోర్న్‌లో కాలింగ్‌వుడ్‌ను 56కి 52తో, 4 పాయింట్ల తేడాతో ఓడించింది. అవే రెండు జట్లు. ఆ రెండు రాత్రులూ అక్కడి అభిమానులు నిద్రపోయి ఉండరు. మీరు మాత్రం హాయిగా నిద్రపోయి ఉంటారు. ఇప్పుడు కాలింగ్‌వుడ్ ఒక పాయింటు, బ్రిస్బేన్ 5 పాయింట్లు తిరిగి వసూలు చేసుకున్నాయి. వాళ్ల దగ్గర మనం తీసుకున్నవి 7, వాళ్లు తీసుకున్నవి 6, కిరాణా కొట్టు పద్దులా చూస్తే ఇంకొక పాయింటు మనమే బాకీ. ఆటలు ఇలా పద్దుల మీద నడవవని నాకూ తెలుసు. తక్కువ తేడాతో గెలిచిన ఆటలను జట్టు గొప్పతనం కింద, తక్కువ తేడాతో ఓడిన ఆటలను దురదృష్టం కింద రాసుకునే అభిమాని అలవాటును ఇలాంటి పద్దు కాస్త సరిచేస్తుందని మాత్రమే నా ఉద్దేశం. మనవాళ్లు 3 పాయింట్లతో గెలిచినప్పుడు అవతలి డిఫెండర్ ఎవరు బంతి వదిలేశాడో మీరు ఎన్నడైనా ఆలోచించారా?

డిఫెండర్ మాట వచ్చింది కాబట్టి, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపిన వాక్యం దగ్గరికి వస్తాను. మీరు తెలుగులో తిట్టారు, చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాలేదని కొంత ఊరట కూడా పొందినట్టున్నారు. కానీ ఆ వేలమందిలో అర్థమైన ఒకే ఒక్కడు మీ పక్కనే కూర్చున్నాడు. పరాయి దేశంలో పుట్టి పెరుగుతున్న పిల్లలకు తెలుగు ఎక్కువగా రెండు చోట్ల వినబడుతుంది, భోజనం బల్ల దగ్గర బుజ్జగింపుగా, ఇలాంటి సమయాల్లో తిట్టుగా. రెండోదానిలో మాటలు చురుగ్గా ఉంటాయి కాబట్టి తొందరగా నోటికి పట్టుకుంటాయి. వాడు ఆస్‌కిక్‌లో ఆడుతున్న పిల్లవాడు, శనివారం ఉదయం వాడి చేతిలోంచి కూడా బంతులు జారుతూనే ఉంటాయి. ఆ డిఫెండర్ గురించి మీరు అన్న మాటలు, రేపు తను బంతి వదిలేసినప్పుడు గట్టు మీద నిలబడిన నాన్న మనసులో ఏమనుకుంటాడో వాడికి ముందే చెప్పేశాయి. వాడు స్కార్ఫు ముట్టకపోవడానికి జట్టు ఓడిపోవడం ఒక్కటే కారణమా, ఇది కూడానా అన్నది నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. మీరైతే అడగగలరు. అడిగేటప్పుడు 'ఆ రోజు నేను తిట్టడం నీకు ఎలా అనిపించింది' అని సూటిగా అడగండి. పిల్లవాడు వెంటనే జవాబు చెప్పకపోతే రెట్టించవద్దు.

చేయవలసిన పనుల్లో ఒకటి గట్టిగా సూచిస్తాను. వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఆ ఆట రికార్డింగు పెట్టుకుని ఇద్దరూ మళ్లీ చూడండి. బాధగా ఉంటుందని వెనకాడవద్దు, ఫలితం తెలిసిన ఆట తెలియని ఆట కన్నా మెల్లగా నడుస్తుంది, అందువల్ల కళ్లకు పని దొరుకుతుంది. వాడి చేతికి ఒక నోటు పుస్తకం ఇచ్చి, రెండు నిలువు గడులు గీయించి, ఏ జట్టు స్కోరు చేసినా సమయం రాసి, గోల్ అయితే ఆరు, బిహైండ్ అయితే ఒకటి వేయమనండి. ప్రతి బిహైండ్ పక్కనా అది గురి తప్పిన తన్నో, డిఫెండర్ దాటించినదో కూడా రాయమనండి. క్వార్టర్ ఇరవై నిమిషాలని పేరే గానీ ఆగినప్పుడల్లా గడియారం ఆపుతారు కాబట్టి నాలుగు క్వార్టర్లూ కలిసి దాదాపు రెండు గంటల ఆట. రెండు గంటల ఆట రెండు పేజీల మీదికి వచ్చేసరికి, ఓటమి ఆఖరి నిమిషంలో లేదని మీరు చెప్పనక్కరలేకుండానే వాడికి కనిపిస్తుంది. వాడికన్నా ముందు మీకు కనిపిస్తుందని నా అనుమానం.

స్వాన్స్‌కు మారిపోతానంటున్నాడని కంగారుపడవద్దు. ఎనిమిదేళ్లవాడు జట్టు మారడం మనం అనుకునేటంత పెద్ద ద్రోహమేమీ కాదు. మారినా కన్నీళ్లు తప్పవని మాత్రం ముందే చెప్పండి. స్వాన్స్ 2024 గ్రాండ్ ఫైనల్‌లో 60 పాయింట్ల తేడాతో, 2022 గ్రాండ్ ఫైనల్‌లో జీలాంగ్ చేతిలో 81 పాయింట్ల తేడాతో ఓడిపోయిన జట్టు. దగ్గర ఓటమికి భయపడి దూరపు ఓటమి దగ్గరికి వెళ్లినట్టవుతుంది. ఈ మాట నవ్వుతూ చెప్పి, ఆపైన నిర్ణయం సీజన్ మొదలయ్యే మార్చి నెలకు వాయిదా వేయండి. వాడు అప్పటికీ స్వాన్స్ అంటే, స్వాన్స్ చొక్కా కొనిపెట్టండి. ఒకే ఊళ్లో రెండు జట్లుండటం, ఒకే ఇంట్లో తండ్రీ కొడుకులు చెరొక వైపు కూర్చోవడం మీ ఇద్దరికీ సరదాగానే ఉంటుంది.

మీ ఆవిడ నవ్వుకు నేను పెద్దగా బదులు చెప్పను. మన ఊరి ఆట కాదన్న మాట నిజమే గానీ, వెంట్‌వర్త్‌విల్ కూడా ఒకప్పుడు మన ఊరు కాదు. పైగా పశ్చిమ సిడ్నీలో చాలాకాలం ఇది అక్కడివారి ఆట కూడా కాదు, ఆ ప్రాంతమంతా రగ్బీ లీగ్‌ది. జెయింట్స్ పెద్ద పోటీల్లోకి వచ్చిందే 2012లో, ఆ మొదటి ఏడాది 22 ఆటల్లో గెలిచినవి రెండే. మీరు మీ తాతగారి నుంచి ఈ జట్టును పొందలేదు, నిజమే. మీ చుట్టూ కూర్చున్నవారిలో కూడా తాతగారి నుంచి పొందినవారు దాదాపు ఎవరూ ఉండరు. మెల్బోర్న్‌లో కాలింగ్‌వుడ్ అభిమానుల మధ్య కూర్చుంటే మీకు కొత్తవాడినన్న బెరుకు ఉండేదేమో గానీ, షోగ్రౌండ్‌లో మీరు దాదాపు తొలి తరం. ఆవిడను ఒకసారి మీతో తీసుకువెళ్లండి, రానంటే బలవంతం చేయకండి.

సభ్యత్వం విషయంలో డబ్బు ఇబ్బంది లేకపోతే మానవద్దనే అంటాను. మానుకోవాలనిపిస్తే దానికి వేరే కారణం ఉండాలి, రాత్రి రైలు ప్రయాణం పిల్లవాడికి శ్రమగా ఉందనో, శనివారాలు ఇంట్లో గడపాలనుందనో. 5 పాయింట్లు దానికి కారణం కాకూడదు. స్కార్ఫు సంగతి పట్టించుకోకండి, బీరువాలో కనబడేచోట ఉంచి వదిలేయండి. చలికాలం వస్తే వాడే అడుగుతాడు.

వచ్చే సీజన్‌లో మొదటి ఆటకు వెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీరు తిట్టిన ఆ డిఫెండర్ చొక్కా మీది అంకె మీకు తప్పకుండా గుర్తుండే ఉంటుంది. అతను మొదటి బంతి పట్టగానే, ఏ గొంతుతో తిట్టారో అదే గొంతుతో, తెలుగులోనే, 'భలే పట్టావయ్యా' అని అరవండి. ఈసారీ అర్థమయ్యేది మీవాడొక్కడికే.